పద్నాలుగు గొంతుల పద్యం

జూలై రెండో వారంలో, తొమ్మిదో తరగతిలో అప్పటికే రెండు రోజులుగా చెబుతున్న పద్యం మళ్లీ చదువుతుండగా దేవకుమారి టీచర్ గొంతు ఆగిపోయింది. బొంగురు వేసవికి ముందు నుంచీ ఉన్నదే. దానికి ఆమె అలవాటు పడింది. ఆ రోజు మాత్రం రెండో పాదం చివర రాగం తీయబోతే గాలి వచ్చింది గానీ శబ్దం రాలేదు. నలభై ఒక్క మంది పిల్లలు ఆమె నోటికేసి చూశారు. మంచినీళ్లు తాగి మళ్లీ ప్రయత్నించింది. కుదరలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద "చదువుకోండి" అని రాసి, కుర్చీలో కూలబడింది.

నరసాపురం నుంచి సముద్రం వైపు పన్నెండు కిలోమీటర్లు వెళితే రావులతిప్ప వస్తుంది. అక్కడి హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. వయసు అరవై. సర్వీసు ముప్పై మూడేళ్లు. బదిలీల మీద ఆ చుట్టుపక్కల నాలుగు బళ్లు తిరిగి, మూడేళ్ల కిందట మళ్లీ ఈ బడికే వచ్చింది. రేకుల మీద వాన పడుతుంటే వానకంటే గట్టిగా, పక్క గదిలో ఎక్కాలు అరుస్తుంటే ఎక్కాలకంటే గట్టిగా చెప్పడం తప్ప ఆమెకు వేరే పద్ధతి తెలియదు. ఆదివారం లూథరన్ చర్చిలో పాటల బృందంలోనూ ముందు వరసే. అన్నీ ఒక్క గొంతు మీదే నడిచాయి.

పద్యం విషయంలో ఆమెకు ఒక గర్వం ఉండేది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి చదివేది. "చూసి చదివితే అది మన పద్యం కాదర్రా" అనేది.

భీమవరంలో గొంతు డాక్టరు సన్నటి కెమెరా లోపలికి పంపి, తెర మీద చూపించాడు. రెండు తెల్లటి నూకల్లాంటివి ఎదురెదురుగా ఉన్నాయి.

"టీచరా అండి?" అన్నాడు, అడగకుండానే తెలిసినట్టు.

ఆమె తలూపింది.

"కాయలు కాశాయండి. పారపట్టిన చేతికి కాయకాసినట్టే. ఆరు వారాలు మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అది ఇంకా చెడ్డది. తగ్గితే సరే, లేకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం."

పక్కన కూర్చున్న భర్త ఐజాక్, "అంటే ఇంట్లో కూడానా అండి?" అని అడిగాడు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాటలన్నీ భార్యవే, ఆయనది వినడమే.

"ఇంట్లో కూడానండి" అన్నాడు డాక్టరు.

సెలవు పెట్టడానికి లేదు. నిరుడు ఐజాక్‌కు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఉన్న సెలవులన్నీ దాదాపు అయిపోయాయి. హెడ్మాస్టరు తాతాజీ గారు ఆమె ఇచ్చిన చీటీ రెండుసార్లు చదువుకుని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మేడమ్ గారూ, మీరు సెలవు పెట్టినా కాదనలేనండి. కానీ టెన్త్ పిల్లల సంగతేంటండి? మీ బదులు ఎవరినీ పంపరు. ఆ ప్యానెల్ ఉంది కదండీ, దాంతో ఏదైనా లాగించగలరేమో చూడండి. ఈ రోజుల్లో అన్నీ అందులోనే ఉంటున్నాయంట."

ప్యానెల్ అంటే నల్లబల్ల పక్కన గోడకు బిగించిన పెద్ద టీవీ లాంటిది. వేలితో తాకితే పనిచేస్తుంది. వచ్చి రెండేళ్లయింది. లెక్కల టీచర్ రమ్యశ్రీ తప్ప దాన్ని పెద్దగా వాడినవాళ్లు లేరు. దేవకుమారి అయితే దుమ్ము పడకుండా ఇంట్లో అల్లిన లేసు గుడ్డ ఒకటి తెచ్చి దాని మీద కప్పింది. నరసాపురంలో ఒక రోజు శిక్షణ కూడా ఇచ్చారు. చెప్పిన కుర్రాడు గంటలో యాభై సంగతులు చెప్పాడు. ఆమె నోటుపుస్తకంలో రాసుకున్నవి ఇప్పుడు తీసి చూస్తే బాణం గుర్తులు తప్ప ఏమీ అర్థం కాలేదు.

అలా ఆ వయసులో ఆమె కొత్తగా చదువు మొదలుపెట్టింది. సాయంత్రం బస్సు దిగి, టీ తాగి, వసారాలో ఫోను పట్టుకుని కూర్చునేది. మొదట వీడియోలు వెతికింది. తొమ్మిదో తరగతి తెలుగు పాఠాలు వందలున్నాయి. ఒకాయన పద్యాన్ని పరుగులాగా చదివి, "ఇది ఇంపార్టెంట్, రెండు మార్కులకి వస్తుంది" అంటాడు. ఒకావిడ బాగానే చెబుతుంది గానీ నాలుగు నిమిషాలకోసారి ప్రకటన వస్తుంది. అయినా ఆవిడనే ఎంచుకుంది. తరగతిలో పెడితే పిల్లలు పది నిమిషాలు చూశారు. తర్వాత వెనక బెంచీలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయాయి. దేవకుమారి బల్ల మీద చేత్తో కొట్టింది. లేచారు. మళ్లీ వాలారు. అరిచి లేపడానికి గొంతు లేదు.

రమ్యశ్రీ ఇంకొకటి చూపించింది. మనం టైపు చేస్తే యంత్రం పైకి చదివి వినిపిస్తుంది. "ఇది మీకు సరిగ్గా సరిపోతుందండి, మీరు రాయండి, అది మాట్లాడుతుంది" అంది. దేవకుమారికి ఆశ పుట్టింది. రెండు రోజులు కష్టపడి తర్వాతి పాఠమంతా ఒక్కొక్క అక్షరం నొక్కి టైపు చేసింది. వచనం వరకు ఫరవాలేదు. పద్యం దగ్గరకొచ్చేసరికి ఆ యంత్రం నరసాపురం స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పే గొంతుతో నాలుగు పాదాలూ ఒక్క ఊపున చదివేసింది. తరగతి గొల్లుమంది. "ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదకండీ!" అని ఎవరో అన్నారు. దేవకుమారికీ నవ్వొచ్చింది. నవ్వితే గొంతు నొచ్చింది.

తర్వాత క్విజ్ ఒకటి. ప్రశ్న తెర మీద వస్తే పిల్లలు ఒక్కొక్కరే వచ్చి జవాబు తాకాలి. తప్పయితే బుయ్‌మని శబ్దం, ఒప్పయితే చప్పట్లు. పిల్లలకు బుయ్ శబ్దమే నచ్చింది. కావాలని తప్పులు నొక్కారు. ఇంకో రోజు కరెంటు పోయింది. మూడు పీరియడ్లు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి రాసి, భుజం దగ్గర పట్టేసి, ఇంటికొచ్చాక గరిటె కూడా తిప్పలేకపోయింది.

ఇంట్లో అంతా చీటీల మీద నడిచేది. ఒకనాడు ఐజాక్ చీటీ చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"చింతపండా, చింతచిగురా? నీ చేతిరాత ఇలాగైపోయిందేంటి కుమారీ?"

ఆమె పెన్సిలు తీసుకుని రాసింది: "అలిసిపోయాను."

ఆయన చొక్కా వేసుకుని వెళ్లి, రెండూ తెచ్చాడు.

మూడో వారంలో ఆమెకు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చింది. పదేళ్ల కిందట ఎవరో పెట్టి ఆమెను చేర్చారు. నూటముప్పై మంది ఉంటారు. పొద్దున్నే పూలబొమ్మలు, పండగ శుభాకాంక్షలు, ఎవరైనా పోతే చేతులు జోడించిన గుర్తులు తప్ప అందులో ఏమీ ఉండేది కాదు. ఆమె రాసింది: "పిల్లలూ, నాకు గొంతు బాగోలేదు. బడి వార్షికోత్సవంలో నేను చదివిన పద్యం ఎవరైనా రికార్డు చేశారా? ఉంటే పంపండి. తరగతిలో వినిపించాలి." తరగతిలో సగంలో ఆగిపోయిన ఆ పద్యం మొదటి మాట కూడా రాసింది.

ఎవరి దగ్గరా లేదు. సాయంత్రానికి తణుకులో నర్సుగా చేస్తున్న హెలెన్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "మీరు చదివింది లేదు గానీ మేడమ్, ఆ పద్యం నాకు ఇప్పటికీ వచ్చండి. చదివి పంపెయ్యనా?"

ఇరవై నిమిషాలకు హెలెన్ గొంతు వచ్చింది. వెనకాల ఆసుపత్రి వరండా చప్పుడు, ఎవరో స్ట్రెచర్ తోసుకెళుతున్న మోత. ఆ మోతలోనే నాలుగు పాదాలు, రాగంతో.

అది విని ఇంకొకరు పంపారు. వేటకు వెళ్లే వీరాస్వామి బోటు ఇంజను పక్కన నిలబడి అరుస్తూ చదివాడు. లేసు అల్లే సత్యవాణి పద్యం మధ్యలో కుక్కరు కూత వేస్తే ఆగి, "అయ్ బాబోయ్, ఉండండి మేడమ్" అని, మళ్లీ మొదట్నుంచీ అందుకుంది. శుక్రవారానికి పదమూడు వచ్చాయి.

ఆ రోజు తొమ్మిదో తరగతిలో ఫోనును ప్యానెల్‌కు కలిపి, ఏమీ రాయకుండా మొదటిది వినిపించింది. రెండోది, మూడోది. పిల్లలకు సంగతి అర్థం కాలేదు. నాలుగో గొంతు మధ్యలో కుక్కరు కూసింది. మూడో బెంచీలోంచి హారతి అనే పిల్ల ఒక్కసారిగా లేచి నిలబడింది.

"మా పిన్నండి! మా సత్యవాణి పిన్నండి! మా పిన్నికి పద్యం వచ్చాండి?"

ఆ తర్వాత ఏ గొంతు తమవాళ్లదో అని ప్రతి పిల్లా చెవులు రిక్కించి కూర్చుంది. వీరాస్వామి గొంతు వచ్చినప్పుడు ఇద్దరు గుర్తుపట్టారు. దేవకుమారి కిటికీ పక్కన నిలబడి వింది. అందరూ ఆమె ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకున్నారు. రెండో పాదం చివర ఆమె తీసే చిన్న వంపు కూడా వాళ్లు తీశారు. ఆ వంపు ఎవరు నేర్పారో ఆమెకే గుర్తులేదు. గంట కొట్టాక పిల్లలు వెళ్లబోతూ తమలో తాము ఆ పద్యమే పాడుకుంటున్నారు. నెలరోజుల్లో మొదటిసారి ఆ రోజు బస్సులో ఆమెకు నిద్ర పట్టింది.

పద్నాలుగోది ఆదివారం చర్చి నుంచి వచ్చాక చూసింది. పంపింది రాజేంద్ర. రాజమండ్రిలో ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆమె దగ్గర చదివినవాళ్లలో తెలుగే వృత్తిగా తీసుకున్నది అతనొక్కడే. గొంతు నిండుగా, తేటగా ఉంది. వింటూ ఉండగా మూడో పాదంలో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. అందరూ "వేల" అన్నచోట అతను "వేళ" అన్నాడు. మళ్లీ వింది. "వేళ"యే.

ముప్పై మూడేళ్ల అలవాటు ఊరుకోనివ్వదు. వెంటనే రాసింది: "చాలా బాగా చదివావు నాన్నా. మూడో పాదంలో ఒక తప్పు దొర్లింది. వేళ కాదు, వేల. సరిచేసి పంపు."

చూశాడన్న గుర్తు వచ్చింది. పావుగంట ఏమీ లేదు. తర్వాత కొత్త రికార్డు వచ్చింది. ఈసారి "వేల" అన్నాడు. కింద "క్షమించండి మేడమ్" అని రాశాడు.

ఆమె తృప్తిగా భోజనం చేసి, సోమవారం తెర మీద గొంతుతో పాటు అక్షరాలు కూడా కనిపించాలని పద్యం టైపు చేయడానికి కూర్చుంది. నోటికొచ్చిందే కాబట్టి చకచకా కొట్టేసింది. కామాలూ చుక్కలూ ఎక్కడున్నాయో చూద్దామని మాత్రం పాఠ్యపుస్తకం తెరిచింది.

మూడో పాదంలో "వేళ" అని ఉంది.

అచ్చుతప్పేమో అనుకుంది. అలమరా పైనున్న పాత పుస్తకాలు దించింది. పద్యం వేరే వేరే తరగతుల్లో మూడుసార్లు పాఠంగా వచ్చింది. మూడింట్లోనూ "వేళ"యే. ఒకదాని అడుగున అర్థం కూడా ఇచ్చారు: సమయం. ఆమె ఇన్నేళ్లూ వేలకొద్దీ అని అర్థం చెప్పింది. అదీ ఎలాగోలా అతికేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లలు పుస్తకంలో ఒకటి చూస్తూ, ఆమె నోట ఇంకొకటి వింటూ, ఆమె మాటే నమ్మారు.

చిన్నప్పుడు తణుకులో శ్యామలాంబ గారనే టీచరు దగ్గర ఆ పద్యం నేర్చుకుంది. ఆవిడే అలా చదివారో, తనే అలా విన్నదో, ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేరు.

ఐజాక్ మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి నేలమీద పుస్తకాలు, మధ్యలో భార్య. ఆమె రాసి చూపించింది. ఆయన చదివాడు.

"ఒక్క అక్షరమే కదా కుమారీ."

ఆమె కింద రాసింది: "ముప్పై మూడేళ్లు."

ఆయన మోకాలు పట్టుకుని నెమ్మదిగా వంగి, పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టసాగాడు.

ఆమెను ఎక్కువ బాధపెట్టింది తన తప్పు కాదు, రాజేంద్ర రెండో రికార్డు. ఫోను తీసి అడిగింది: "నువ్వే సరి. పుస్తకం చూశాను. నీకు తెలిసి కూడా ఎందుకు మార్చావు?"

జవాబు వెంటనే వచ్చింది. "మీరు చెప్పారు కదండీ."

కాసేపటికి ఇంకొకటి: "ఎమ్మే చదివేటప్పుడే తెలిసిందండి. పదిహేనేళ్లయింది. మా పిల్లలకి వేళ అనే చెబుతాను. మీకు చెప్పాలంటే నోరు రాలేదండి."

ఆమెకు కోపం వచ్చింది. అతని మీదా, తన మీదా అన్నది తేల్చుకోలేదు. తనకు భయపడి ఒక పెద్ద మనిషి, తెలుగు లెక్చరరు, తెలిసి తెలిసి తప్పు చదివి పంపాడు. తరగతిలో "అనుమానం ఉంటే అడగండర్రా" అని రోజూ చెబుతూనే ఉంది. అడగగలిగేలా ఉందా మరి తను? ఆ సాయంత్రం టీ చల్లారిపోయింది.

సోమవారం ఒంట్లో బాగాలేదని మానేయాలనిపించింది. సెలవులు లేవు. వెళ్లింది. తొమ్మిదో తరగతిలో రాజేంద్ర మొదట పంపిన రికార్డు వినిపించి, ప్యానెల్ మీద వేలితో పెద్ద అక్షరాల్లో రాసింది.

"మూడో పాదంలో వేళ అనాలి. నేను వేల అని తప్పు నేర్పాను. మీ పుస్తకాల్లో ఉన్నదే సరి."

పిల్లలు పుస్తకాలు చూసుకున్నారు. వాళ్లకు నవ్వాలో లేదో తెలియలేదు. హారతి చెయ్యెత్తింది.

"అయితే మా పిన్ని తప్పు చదివిందాండి?"

దేవకుమారి రాసింది: "లేదు. మీ పిన్ని నేను చెప్పినట్టే చదివింది."

హారతి కూర్చుంది. మళ్లీ లేచింది. "మేడమ్, పోయిన నెల నాకు అనుమానం వచ్చిందండి. అడిగితే బాగోదేమోనని ఊరుకున్నానండి."

దేవకుమారి ఆ పిల్ల దగ్గరకు వెళ్లి తల మీద చెయ్యి వేసింది. మిగతా పీరియడ్ అంతా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పద్యం చదివారు. సగం మంది అలవాటుకొద్దీ "వేల" అని, నాలుక కరుచుకుని, మళ్లీ చదివారు.

గ్రూపులో చెప్పడానికి మాత్రం వారం పట్టింది. నాలుగుసార్లు రాసి చెరిపేసింది. చివరికి రెండు వాక్యాలు పంపింది. చాలామంది చేతులు జోడించిన గుర్తులు పెట్టారు. అర్థమై పెట్టారో అలవాటుకొద్దీ పెట్టారో తెలియదు. హెలెన్ సరిచేసి మళ్లీ చదివి పంపింది. సత్యవాణి "అలాగేనండి" అంది. వీరాస్వామి గొంతు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది, ఒడ్డున వలలు దులుపుతున్న చప్పుడుతో.

"ఆయ్, మేడమ్ గారండీ. చూశానండి. నాకైతే ఇంక నోరు తిరగదండి. పాతికేళ్ల నుంచీ బోటు మీద అలాగే పాడుకుంటున్నాను. మా పాపకి మట్టుకు సరిగ్గా చెప్పేత్తానండి. మీరు బెంగెట్టుకోకండి."

ఆమె దాన్ని మూడుసార్లు వింది. బెంగ పోలేదు గానీ, వినడానికి బాగుంది.

అదే నెలలో ప్యానెళ్ల వాడకం చూడటానికి ఒక అధికారి వచ్చారు. ఏ యాప్ వాడుతున్నారని అడిగారు. ఆమె చీటీ మీద వాట్సాప్ అని రాసింది. ఆయన చేతిలోని జాబితా పైనుంచి కిందకు చూసి, "ఇందులో లేదండీ మేడమ్" అన్నారు, కొంచెం ఇబ్బందిగా. ఆ గడిలో గీత పెట్టుకుని పక్క తరగతికి వెళ్లారు. తాతాజీ గారు వెనక్కి తిరిగి ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపారు.

ఆరు వారాలన్నది పది వారాలైంది. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. మాట్లాడొచ్చు గానీ రోజుకు రెండు గంటలకు మించకూడదు, అరవకూడదు, పైస్థాయిలో పాడకూడదు. తిరిగొచ్చిన గొంతు ఆమెకే కొత్తగా ఉంది. దిగువన, గరుకుగా, చివర్న గాలి కలిసి. చర్చిలో పాటల బృందం నుంచి తప్పుకుంది. పాస్టరు గారు కుర్చీ ముందు వరసలోనే వేయిస్తానంటే వద్దని, ఐజాక్ పక్కన మధ్య బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది. పాట మొదలైనప్పుడు ఆయన గొంతు కలపడం పెళ్లయ్యాక ఆమె మొదటిసారి వింది. శ్రుతి కుదరలేదు. ఆమె సరిదిద్దలేదు.

బడిలో వినిపించే పద్యాలకు ఇప్పుడు ఇంకో ఐదు చేరాయి. కొన్ని రోజులు పిల్లలు శ్రద్ధగా వింటారు, కొన్ని రోజులు వినరు. వినని రోజున ఆమె అరవదు. కుర్చీలో కూర్చుని వాళ్లంతట వాళ్లు ఆగేవరకు చూస్తుంది. కొన్నిసార్లు పీరియడ్ అయిపోతుంది.

దసరా సెలవులయ్యాక తాతాజీ గారు స్టాఫ్‌రూముకు వచ్చారు.

"మేడమ్ గారూ, టెన్త్ వాళ్లకి సాయంత్రం ఆరింటిదాకా స్టడీ అవర్ పెడుతున్నామండి. తెలుగు ఎప్పట్లాగే మీరే చూడాలి. ఎన్నేళ్లుగానో మీరే చూస్తున్నారు కదండీ."

దేవకుమారి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఉంది. ఈ ముప్పై మూడేళ్లలో హెడ్మాస్టర్లు ఎంతమంది మారినా, ఈ మాటకు ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే, అలాగేనని. ఆయన ఆ జవాబు కోసం అప్పటికే సగం తిరిగి నిలబడ్డారు.

"నా వల్ల కాదండి" అంది.

గొంతు చిన్నదే గానీ గదిలో అందరికీ వినపడింది. రమ్యశ్రీ దిద్దుతున్న పేపర్లలోంచి తలెత్తింది. తాతాజీ గారు పూర్తిగా ఇటు తిరిగి, "సరేనండి, చూద్దాం లెండి" అని వెళ్లిపోయారు.

నాలుగున్నర బస్సు అప్పటికే గేటు దగ్గరకు వచ్చి హారన్ కొడుతోంది. ఆమె సంచి భుజాన వేసుకుని, తొందరపడకుండా నడిచి వెళ్లి ఎక్కింది.